నబింతక్క నోటికి మూడు నిమిషాలు

హార్లో ఫాల్స్ ఆసుపత్రి లాండ్రీలో నబింతక్కకు అందరూ కలిసి పెట్టిన పేరు "నెమ్మదైన అమ్మ". ఈ సంగతి ఆవిడ సొంత ఊరు బుకావులోని చేపల బజారులో చెబితే ఎవరూ నమ్మరు. నువ్వు చెప్పే నబింతు ఇంకెవరో అయ్యుంటుందిలే అని నవ్వి పంపించేస్తారు. కివు సరస్సులో పట్టిన చిట్టి చేపలు వేయించి అమ్మేది ఆవిడ. పొద్దున్నే బజారు ఈ చివర ఆవిడ నోరు తెరిస్తే ఆ చివర పడవల్లో నిద్రపోతున్న జాలర్లు లేచి కూర్చునేవాళ్ళు. చేపలు కొనకుండా ఎవరైనా ముందుకు నడిచారా, వాళ్ళ నడక, వాళ్ళ టోపీ, వాళ్ళ అత్తగారి పిసినారితనం, అన్నీ బజారంతటికీ వినిపించేవి. దానికంటే కొనడమే నయమని కొనేవాళ్ళు.

యుద్ధం వచ్చి ఊరు వదలాల్సి వచ్చింది. ఉగాండా శిబిరంలో ఏళ్ళ తరబడి గడిపినా ఆ నోటికి లోటు రాలేదు. కుళాయి దగ్గర ఎవరి బిందె ముందో, ఎవరిది వెనకో ఆవిడే తేల్చేది. అక్కడి అధికారులు కూడా ఆవిడ తీర్పుకు అడ్డు చెప్పేవాళ్ళు కారు. ఆ తర్వాత ఒకరోజు విమానం ఎక్కించి భాష రాని దేశంలో, మెయిన్ అనే రాష్ట్రంలోని ఈ పాత మిల్లుల ఊళ్ళో దింపారు. దిగినప్పటి నుంచి నబింతక్క నోటికి తాళం పడింది.

లాండ్రీలో పై అధికారిణి డెబ్ మంచి మనిషే. "మీ అంత నెమ్మదస్తురాలిని నేను చూడలేదు, ఎంత హాయిగా ఉంటుందో మీతో" అని భుజం తట్టేది. నబింతక్క నవ్వి ఊరుకునేది. ఊరుకున్న కొద్దీ ఆవిడ కడుపు రగిలిపోయేది. పొద్దుటి నుంచి ఆసుపత్రి దుప్పట్ల మధ్య దాచుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంటికి తెచ్చి, భర్త బిసిమ్వా మీద ఒక్కసారిగా కుమ్మరించేది. కోడిగుడ్ల ఫారంలో పని చేసి అలిసిపోయి వచ్చిన బిసిమ్వా, అన్నం ముందు తలవంచుకుని, వర్షంలో చిక్కుకున్న మనిషిలా కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో ఆవిడ ఇంగ్లీషు తరగతిలో చేరింది. మూతపడిన మిల్లు రెండో అంతస్తులో వారానికి నాలుగు రోజులు, ఫీజు లేకుండా, ప్రభుత్వం డబ్బుతో నడిచే తరగతి అది. బిసిమ్వాని కూడా రమ్మంటే, "గుడ్లు నాతో మాట్లాడవు కదా, నాకెందుకే ఇంగ్లీషు?" అన్నాడు.

పంతులమ్మ పేరు లోరెయిన్ తిబొడో. వాళ్ళ నాయనమ్మ క్విబెక్ నుంచి ఒక్క ముక్క ఇంగ్లీషు రాకుండా వచ్చి, ఇదే మిల్లులో మగ్గం ముందు నిలబడిందట. అందుకేనేమో లోరెయిన్ కి పాఠం చెప్పడమంటే పూనకం. పాడైన చొక్కా దుకాణంలో ఎలా వాపసు ఇవ్వాలి, ఇంటి యజమాని హీటరు బాగు చేయించకపోతే ఎలా దబాయించాలి, ఇవే ఆవిడ పాఠాలు. ఒకసారి లోరెయిన్ దుకాణదారుగా, నబింతక్క కొనేదానిగా నటించారు. పాఠం అయ్యేసరికి లోరెయిన్ తన సొంత గొడుగు సగం ధరకి అమ్మేసి, ఎలా అమ్మానా అని తల గోక్కుంటూ నిలబడింది.

రెండో మెట్టు దాకా వచ్చింది నబింతక్క. ఒంట్లో ఎలా ఉందో, నిన్న ఏం జరిగిందో చెప్పగలదు. కానీ ఎగతాళి చేయడం రాదు. "మనుషుల్ని ఆటపట్టించడం ఎప్పుడు నేర్పుతావు?" అని అడిగితే, "అది మూడో మెట్టులో వస్తుంది, తొందరపడకు" అంది లోరెయిన్. ఆ మూడో మెట్టు కోసం నబింతక్క కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. ఎగతాళి చేయడం రాని భాషలో ఆవిడ ఆవిడే కాదు.

సరిగ్గా అప్పుడే ఒకరోజు లోరెయిన్ ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"రాష్ట్రం తన వాటా ఇస్తుందట. ఊరి వాటా ఊరు ఇవ్వాలి. ఈ ఏడు ఊరి దగ్గర డబ్బు లేదట. తరగతి తీసేస్తామంటున్నారు" అంది.

తరగతిలో ఉన్నవాళ్ళంతా బుకావు చుట్టుపక్కల వాళ్ళే. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి ముందు కోపం రాలేదు, జాలి వచ్చింది. ఇంత పెద్ద ఊరు, ఇన్ని దీపాలు, ఇన్ని కార్లు, చివరికి చేతిలో చిల్లిగవ్వ లేదా పాపం అనుకున్నారు.

"మంగళవారం సాయంత్రం కౌన్సిల్ సభ ఉంది. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. ఎవరు మాట్లాడతారు?" అని అడిగింది లోరెయిన్.

ఇరవై వేళ్ళు నబింతక్క వైపు తిరిగాయి.

వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునే ముసలాయన ముషాగాలుషా కూడా ఆ తరగతిలోనే ఉన్నాడు. ఆయన తమ భాష స్వాహిలీలో, "నువ్వు మాట్లాడు చెల్లీ. మిగతా సంగతి మేము చూసుకుంటాం" అన్నాడు. అందరూ తలలూపారు. లోరెయిన్ కి స్వాహిలీ రాదు కాబట్టి ఆవిడ కూడా చిరునవ్వుతో తల ఊపింది. ఆ మిగతా సంగతి ఏమిటో ఆవిడ అప్పుడే అడిగి ఉండాల్సింది.

మంగళవారం నాడు సభ నిండిపోయింది. ఎదురుగా వంపు తిరిగిన పెద్ద బల్ల వెనక ఏడుగురు సభ్యులు. మధ్యలో అధ్యక్షుడు రస్సెల్ పెల్కీ, ఇనుప సామాన్ల దుకాణం ఆయనది. మైకు పక్కన చిన్న దీపం ఉంది. పచ్చగా ఉంటే మాట్లాడాలి, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే కూర్చోవాలి. నబింతక్క కంటే ముందు ఒకాయన పార్కులో కుక్కల గురించి చాలాసేపు బాధపడి వెళ్ళాడు.

తన పేరు పిలవగానే నబింతక్క లేచింది. పసుపుపచ్చ పూల గుడ్డ నడుముకి చుట్టుకుని, తలకి అదే గుడ్డ ఎత్తుగా కట్టుకుని, మైకు దాటుకుని నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. పెద్దవాళ్ళని పలకరించకుండా నోరు తెరవడం ఆవిడ ఎరుగని పని. ఏడుగురికీ రెండు చేతులతో కరచాలనం చేసింది. ఒక్కొక్కరినీ ఒళ్ళు ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు అని అడిగింది. పిల్లలు లేరన్న ఒక సభ్యురాలిని దగ్గరికి తీసుకుని ఓదార్చింది కూడా.

"అమ్మా, మీ సమయం నడుస్తోంది" అన్నాడు పెల్కీ.

"నడవనివ్వండి. మీ ఆవిడ కులాసానా?" అంది నబింతక్క.

ఆవిడ మైకు దగ్గరికి తిరిగి వచ్చేసరికి పసుపు దీపం వెలిగింది. అదే అదనుగా వెనక వరుసలోంచి ముషాగాలుషా పాట ఎత్తుకున్నాడు.

బుకావులో చర్చి కప్పు కారితే ఎవరూ సభ పెట్టి చర్చించరు. పాట మొదలవుతుంది, జనం లేచి ఆడుకుంటూ ముందుకొచ్చి, బుట్టలో తలా ఇంత వేసి, ఆడుకుంటూనే వెనక్కి వెళ్తారు. వాళ్ళకి తెలిసిన పద్ధతి అదే. ఒట్టి చేతులతో వచ్చి ఇవ్వండని అడగడం వాళ్ళ వంశాల్లో లేదు. ఇప్పుడూ సభలో సగం మంది, వాళ్ళ చర్చి వాళ్ళంతా, లేచారు. భుజాలు కదిలిస్తూ, చేతులు తడుతూ, నడిమి దారిలో వరుస కట్టారు. నడుం నొప్పి ఉన్నా బిసిమ్వా కూడా లయ తప్పకుండా వచ్చాడు. అల్లిన పెద్ద బుట్ట పెల్కీ ముందు బల్ల మీదికి చేరింది. అందులో నోట్లు, నాణేలు, ఎవరో వేసిన వెండి ఉంగరం, కాగితంలో చుట్టిన వేడి వేడి మండాజీ బూరెలు కూడా ఉన్నాయి.

ఊరి లాయరు ముఖం పాలిపోయింది. లోరెయిన్ రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఏమిటిది?" అన్నాడు పెల్కీ.

"డబ్బు. మీ దగ్గర లేదన్నారుగా" అంది నబింతక్క.

"ఇలా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు" అని లాయరు లేచి నిలబడ్డాడు. అంతలో ఎర్ర దీపం వెలిగింది. తర్వాత మాట్లాడాల్సిన ముసలాయన, మంచు ఊడ్చే బండ్ల మీద ఫిర్యాదు చేద్దామని వచ్చినవాడు, కూర్చున్న చోటి నుంచే, "నా వంతు ఆవిడకే ఇచ్చేయండి. మంచు పడ్డానికి ఇంకా చాలా టైముంది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దీపం మళ్ళీ పచ్చగా వెలిగింది.

పెల్కీ బుట్టని మెల్లగా ముందుకి నెట్టాడు. "తీసుకెళ్ళండమ్మా. మీ మనసు మంచిదే. కానీ అసలు ఇది సరిపోదు కూడా" అన్నాడు.

పాపం, ఆయన ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. సరిపోదు అనే మాటతోనే బుకావులో ప్రతి బేరమూ మొదలవుతుంది. ఈ ఊరు వచ్చిన మూడేళ్ళుగా నబింతక్క చెవులు వాచిపోయి ఉన్నాయి ఆ మాట కోసం. ఆవిడ వీపు నిటారుగా లేచింది. రెండు చేతులూ నడుం మీదికి వెళ్ళాయి.

"సరిపోదా? సరే, వారానికి ఎన్ని రోజుల తరగతి ఇస్తారు?"

"అమ్మా, ఇది బజారు కాదు."

"బజారు కాదన్నవాడే గట్టి బేరగాడు. ఆరు రోజులు ఇవ్వండి."

"ఇప్పుడు నడుస్తున్నదే నాలుగు రోజులు కదా."

"అందుకే ఆరు."

పెల్కీ నోట్లోంచి మాట జారిపోయింది. దుకాణంలో ముప్పై ఏళ్ళు మేకులూ సుత్తులూ అమ్మిన నోరు మరి. "రెండు" అన్నాడు. పక్కనున్న సభ్యురాలు చేత్తో ముఖం కప్పుకుంది.

"రెండా? అయ్యా, మీ దుకాణంలో సగం మేకు అమ్ముతారా? సగం మేకు దేన్నీ పట్టదు. నా సంగతి వినండి. ఆసుపత్రిలో నన్ను నెమ్మదైన అమ్మ అంటారు. నేనా? అదిగో నా మొగుడు, ఆయన్ని అడగండి."

వేలు తన వైపు తిరిగేసరికి, ఒక్క ముక్క అర్థం కాని బిసిమ్వా లేచి నిలబడి సభకి వంగి నమస్కారం పెట్టాడు. సభంతా గొల్లుమంది.

నబింతక్కకి ఇక పట్టపగ్గాలు లేవు. క్రియలు ముందుకీ వెనక్కీ దొర్లాయి, కాలాలు కలగాపులగమయ్యాయి, అయినా మాట ఆగలేదు. డాక్టరు ముందు తన కడుపునొప్పి కూతురి చేత చెప్పించాల్సి వస్తే ఎంత సిగ్గేసిందో చెప్పింది. బుట్ట నెట్టినప్పుడు పెల్కీ టై మీద పడ్డ మండాజీ నూనె సంగతి చెప్పింది. ఆ టై రంగు చూస్తే సరస్సులో పాచి గుర్తొస్తోందని, ఆ టై కొన్నప్పుడు కూడా ఆయన బేరమాడి ఉండడని అంది. అందరికంటే గట్టిగా పెల్కీయే నవ్వాడు. వెనక కూర్చున్న లోరెయిన్ కి మాత్రం నవ్వుతో పాటు ఒళ్ళు జలదరించింది. ఆవిడ ఇంకా నేర్పని పాఠం అది.

ఆఖరి ఎత్తు మిగిలింది. నబింతక్క బుట్ట నెత్తిన పెట్టుకుని, "మీకు బేరం ఇష్టం లేనట్టుంది, వెళ్ళొస్తాం" అని వెనక్కి తిరిగింది. ఆ ఎత్తు తెలిసిన వాళ్ళు కాబట్టి, ఆడుకుంటూ వచ్చిన వాళ్ళంతా ఒక్కసారే గుమ్మం వైపు తిరిగారు.

"ఆగండమ్మా" అన్నాడు పెల్కీ. "మూడు రోజులకి ప్రతిపాదన పెడతాను. ఓట్లు ఎలా పడతాయో నా చేతిలో లేదు."

"మూడున్నర" అంటూ నబింతక్క మైకు దగ్గరికి వచ్చేసింది. "ఇంకొక్క మాట. మా ముషాగాలుషా అన్నకి మోకాళ్ళ నొప్పులు, మిల్లు మెట్లు ఎక్కలేక అవస్థ పడుతున్నాడు, దాని సంగతి కూడా..."

దీపం ఎప్పుడో ఎర్రబడింది. పెల్కీ ముందున్న కొయ్య సుత్తి ఎత్తి బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు. "అమ్మా, దయచేసి ఆపండి. మీరు చాలా ఎక్కువ మాట్లాడుతున్నారు."

నబింతక్క నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

"ఏమన్నారు?" అంది మెల్లగా. "ఇంకోసారి అనండి."

పెల్కీ ముఖం ఎర్రబడింది. "క్షమించండి. మీరు... కొంచెం ఎక్కువ మాట్లాడుతున్నారు అన్నాను."

నబింతక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత చేతులు తీసి, నాలుక ఆడిస్తూ, పెళ్ళిళ్ళలో పెట్టే సంబరపు కేక ఒకటి పెట్టింది. పైకప్పు దీపాలు గలగలలాడాయి. ఆవిడ తరఫు వాళ్ళంతా అదే కేక అందుకున్నారు. ఆ హడావుడిలోనే ఓటింగు జరిగింది. ఐదుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. వారానికి మూడు రోజుల తరగతి నిలిచింది.

బయటికి వచ్చాక నబింతక్క సభాభవనం మెట్ల మీద కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ ఊగిపోతోంది. లోరెయిన్ కంగారుగా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"పెల్కీ అలా అనకుండా ఉండాల్సింది. నువ్వు మనసులో పెట్టుకోకు" అంది.

"ఎందుకు పెట్టుకోను? చచ్చేదాకా పెట్టుకుంటాను" అంది నబింతక్క, తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో నన్ను నోరు ముయ్యమన్న మనిషి ఒక్కడూ లేడు, లోరెయిన్. నేను ఈ ఊరికి ఇవాళ వచ్చాను."

లోరెయిన్ ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళూ నిండాయి.

బిసిమ్వా ఎవరి డబ్బు వాళ్ళకి తిరిగి ఇచ్చేసి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వచ్చి ఒక మెట్టు కింద నిలబడ్డాడు. "ఏడుస్తావేమే? ఏమన్నాడాయన?" అని స్వాహిలీలో అడిగాడు.

"నేను చాలా ఎక్కువ మాట్లాడుతున్నానన్నాడు."

బిసిమ్వా ముఖం మెల్లగా వెలిగింది.

"ఆదివారం ఆయన్ని భోజనానికి పిలువు" అన్నాడు.