రద్దును రద్దు చేశాను

ఉద్యోగమున్నన్నాళ్ళూ పిల్లల కాగితాల మీద ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన తెలుగు మాస్టారిని, రిటైరయ్యాక తప్పులు దిద్దే సాఫ్ట్‌వేరు కొనుక్కున్నాను. తెలివితక్కువ పని అదొక్కటే అయితే ఇది రాసేవాణ్ణి కాదు. పాత విద్యార్థులు వేసే సంచికకి ఫోన్లో వ్యాసం టైపు చేస్తుంటే నా వేలు లావు, అక్షరం సన్నం. ‘ళ’ కొడితే ‘ల’ పడేది. నా తప్పులు నా శిష్యుల కంట పడకూడదని, మా ఆవిడకి కూడా చెప్పకుండా ఒక నెలకి చందా కట్టాను. కింద చిన్న అక్షరాల్లో ‘ఆటో రెన్యువల్’ అని ఉంది. తెనాలిలో ఆటో అంటే చెయ్యెత్తితే ఆగేది. ఈ ఆటో రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినా ఆగదని నాకేం తెలుసు?

వ్యాసం పంపేశాను. సాఫ్ట్‌వేరు సంగతి మరిచిపోయాను.

ఆ రోజుల్లోనే, బావ పోయాక రేపల్లెలో ఒంటరిగా ఉండలేక, మా అక్క అక్కడి ఇల్లు అమ్మేసి తెనాలిలో మా వీధిలోనే చిన్న ఫ్లాటు బేరం చేసింది. ఇల్లమ్మిన డబ్బు నా ఖాతాలో వేయించింది. ఫ్లాటు చేతికొచ్చేదాకా కొన్నవాళ్ళు ఆమెని పాత ఇంట్లోనే ఉండనిచ్చారు.

“నాకీ ఫోన్లంటే భయంరా. ఎవడో ఓటీపీ అడుగుతాడు, నేను చెప్పేస్తాను. నువ్వైతే చదువుకున్నోడివి. నీ దగ్గరుంటే భద్రం” అంది. రిజిస్ట్రేషన్ మాత్రం మూఢం వెళ్ళాకే అని పట్టుబట్టింది. మూఢం ఆకాశంలో ఉందనుకున్నాం. అది మా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని ఉంది.

ఒక పొద్దున బజార్లో దొండకాయలు ఏరుతుంటే ఫోన్ టింగుమంది. ఖాతాలోంచి డబ్బు పోయింది. పెద్ద మొత్తమేమీ కాదు. తీసుకున్నవాడి పేరు ఇంగ్లీషులో ఉంది, నేనెప్పుడూ వినలేదు. దొంగలు ముందు కాస్త లాగి చూస్తారనీ, ఎవరూ అడగకపోతే మొత్తం ఊడ్చేస్తారనీ టీవీలో విన్నదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎవడో తలుపు తోసి చూశాడు. లోపలున్నది అక్క ఇల్లు. దొండకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఫోన్ ఆపేసి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను.

“ఏవండీ, ఫోన్ని మినప్పప్పు డబ్బాలో పెట్టారేంటండీ?” అంది మా ఆవిడ.

“చెమ్మ తగలకుండా.”

“అయితే మీ బుర్ర కూడా పెట్టండి, చోటుంది.”

ఆ మధ్యాహ్నమే అక్క మా ఆవిడ ఫోనుకి చేసింది. “డబ్బు భద్రమేనారా?” అని అడిగితే “భద్రమే అక్కా” అన్నాను.

నా ఖాతా, నేను పనిచేసిన బాపట్లలోనే ఉంది. మర్నాడు డబ్బాలోంచి ఫోన్ తీసుకుని రైలెక్కాను. నిడుబ్రోలు దాటాక ఎదుటి సీట్లో ఒకాయన ఫోన్ చూసుకుని నవ్వాడు. నా డబ్బుని చూసే నవ్వుతున్నాడనిపించి, దిగేదాకా ఆయన వేళ్ళనే కనిపెట్టుకుని కూర్చున్నాను.

బ్యాంకులో కౌంటరు దగ్గరున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి, “దొంగెవరూ లేరండి, బాబాయి గారూ. నెలనెలా తీసుకోమని మీరే ఒప్పుకున్నారండి. ఇదేదో తెలుగు తప్పులు దిద్దే యాప్ కంపెనీ అసలు పేరండి” అంది.

దొంగ దొరికాడు. వాడి సంతకం నా సంతకంలాగే ఉంది.

“ఇక్కడే రద్దు చేసి చూపించమంటారా అండి?” అని ఆమె నా ఫోన్ కోసం చెయ్యి చాపింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళలో ఎవరైనా నా శిష్యులుంటారేమోనని బెదిరాను. “నేనే చేసుకుంటాలేమ్మా” అని ఫోన్ జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి యాప్ తెరిచాను. ‘మీరు రద్దు చేయాలనుకుంటున్నారా?’ అని అడిగింది. కింద రెండు బొత్తాలు: కొనసాగించు, రద్దు. ‘రద్దు’ని బలంగా నొక్కాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూఢం వెళ్ళింది. రేపు రిజిస్ట్రేషన్ అనగా అక్కని తీసుకురావడానికి రేపల్లె వెళ్ళాను. తిరుగు రైలు భట్టిప్రోలు దాటుతుండగా ఫోన్ మళ్ళీ టింగుమంది. అదే పేరు. మళ్ళీ డబ్బు పోయింది.

ఈసారి భయం వేరే రకంగా వచ్చింది. వద్దని చెప్పాక కూడా తీశాడంటే వీడు ఇక దేనికీ ఆగడు. తాళంచెవి వాడి దగ్గరే ఉంది. మిగతాది ఉందో లేదో చూద్దామంటే పొలాల మధ్య సిగ్నల్ లేదు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పక్కన అక్క, ఒళ్ళో సంచి, రేపు కట్టుకోబోయే పట్టుచీర. రేపు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆమెతో ఏం చెప్పను?

“ఏంట్రా, మొహం అలా పాలిపోయింది?”

మొత్తం చెప్పేశాను. అక్క కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆ ఊచ మీద ఆమె వేళ్ళు బిగుసుకోవడం చూశాను. తిట్టినా బాగుండేది.

వేమూరులో సిగ్నల్ వచ్చింది. చక్రం ఆగింది. డబ్బు ఉంది. అక్క ఇల్లు ఉంది. ఆ అంకెని ఆమె కళ్ళ ముందు పెట్టాను.

“ముందు ఆ దరిద్రప్పని ఆపు” అంది, ఊపిరి పీల్చుకుని.

యాప్ తెరిచి, ఆమెకి వినబడేలా పైకి చదివాను. “మీరు రద్దు చేయాలనుకుంటున్నారా? కొనసాగించు. రద్దు.” అలా చదివితే గాని నాకు తలకెక్కలేదు. కొనసాగించమన్నది చందాని కాదు, రద్దుని! నేను ‘రద్దు’ నొక్కి, రద్దునే రద్దు చేశాను. వాక్యంలో కర్మ ఎక్కడుందో వెతకమని పిల్లల చెవులు మెలేసినవాణ్ణి. ఇక్కడ కర్మ నాదే అయింది.

‘కొనసాగించు’ నొక్కాను. ఆగింది.

“ఒరేయ్ తమ్ముడూ” అంది అక్క, “చిన్నప్పుడు నీ డిక్టేషన్ తప్పులన్నీ నేనేగా దిద్దాను! నెలకెంత తీసుకున్నాన్రా?”

జంపని వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ సాయంత్రం కంపెనీ నుంచి సందేశం వచ్చింది: ‘మీరు వెళ్ళిపోతున్నదుకు మేము భాద పడుతున్నాము. కారణం చెప్పండి.’

కట్టిన డబ్బుకి ఆ నెలంతా సాఫ్ట్‌వేరు నాదే. వాళ్ళ వాక్యాన్ని వాళ్ళ సాఫ్ట్‌వేరులోనే పెట్టాను. ‘వెళ్ళిపోతున్నదుకు’ కింద ఎర్ర గీత, ‘భాద’ కింద ఇంకో ఎర్ర గీత. వాళ్ళ బాధ కూడా తప్పుడు బాధే! ఆ గీతలతో సహా ఫొటో తీసి, కారణం రాయమన్న గడిలో జతచేసి, కింద ‘రెండూ పదేసిసార్లు రాసుకు రండి’ అని రాశాను.

‘పంపాలనుకుంటున్నారా?’ అని అడిగింది. కొనసాగించు. రద్దు.

కళ్ళజోడు తుడుచుకుని, రెండుసార్లు చదివి, ‘కొనసాగించు’ నొక్కాను.