చెయ్యెత్తని సర్పంచ్

దేవన్న మా క్యాంపులో ఇనుప కడ్డీలు వంచే కూలీ. అయినా బహ్రెయిన్‌లోని మామీర్‌లో మా షెడ్డులోని నలభైమందిమీ ఆయన్ను సర్పంచ్ సాబ్ అనే పిలిచేవాళ్లం. జగిత్యాల దగ్గరి ఒక పల్లెకు ఆయన ఆరేళ్లు సర్పంచ్. బడికి రెండు గదులు వేయించాడు, హరిజనవాడకు బోరింగు తెచ్చాడు. ఆ బోరింగే ఆయన కొంప ముంచింది. పెద్దలంతా ఎదురుతిరిగి, మలి ఎన్నికలో పదకొండు ఓట్లతో ఓడగొట్టారు. ఆపైన సేద్యమూ ఎండిపోయి, నలభై అయిదేళ్ల వయసులో దుబాయి దారి పట్టాడు. వాళ్ల ఊరికి బహ్రెయిన్ కూడా దుబాయే.

అలవాటు పడ్డ ప్రాణం ఊరుకుంటుందా? షెడ్డును పంచాయతీ చేసేశాడు. ఎవరి వంతు వంట, రేడియో ఎప్పుడు ఆపాలి, అన్నిటికీ చేతులెత్తించేవాడు. తన చెయ్యి మాత్రం ఎత్తేవాడు కాడు. "అధ్యక్షుడు లెక్కవెట్టాలె. రెండు దిక్కులు సమానమొస్తేనే తన చెయ్యి లేపాలె" అనేవాడు.

"వంకాయ కూరకు గూడ తీర్మానమేనా సాబ్?" అని ఏడిపించేవాళ్లం.

ఎనభై నాలుగు వేసవిలో ఎండకు ఇద్దరు పనిలోనే పడిపోయారు. మధ్యాహ్నం ఒక గంట విరామం అడుగుదామనుకున్నాం. శుక్రవారం పొద్దున మేనేజరు షెడ్డుకొస్తే దేవన్న తన వచ్చీరాని హిందీలో ఎంతో మర్యాదగా అడిగాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! "అందరి మాటా ఇదేనా?" అన్నాడు మేనేజరు. దేవన్న ఉత్సాహంగా మావైపు తిరిగాడు.

"ఒప్పుకున్నోళ్లు చేతులు లేపుండ్రి!"

ముందు వరుసలో ఏడు చేతులు నిటారుగా లేచాయి. వెనక చేతులు సగం సగమే లేచాయి. నేను భుజం దాకా ఎత్తి దించేశాను. మేనేజరు ఆ ఏడు పేర్లూ అడిగి రాసుకున్నాడు. దేవన్న సగం లేచినవీ కలిపి లెక్కపెట్టి మురిసిపోయాడు.

బుధవారం మధ్యాహ్నపు విరామం ఇచ్చారు. అదే రోజు ఆ ఏడుగురికీ ఖలాస్ చెప్పి, పాస్‌పోర్టులూ టికెట్లూ చేతిలో పెట్టారు. దేవన్న ఆఫీసుకు పరుగెత్తాడు. అడిగింది నేను, నన్నూ పంపండి అని బతిమాలాడు. "నీ చెయ్యి లేవలేదుగా, పోయి పని చూసుకో" అన్నాడు మేనేజరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

వాళ్ల సామాన్ మోయడానికి దేవన్నా నేనూ ముహర్రక్ విమానాశ్రయం దాకా వెళ్లాం. ఏడుగురిలో చిన్నవాడు వెంకటి, వచ్చి నాలుగు నెలలే. వాడే ఆయన్ను ఓదార్చాడు.

"రంది వెట్టుకోకు సర్పంచ్ సాబ్. తీర్మానమైతే పాసైంది గద."

వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. దేవన్న వాడి రెండు చేతులూ పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. "నా చెయ్యి గూడ లేపితే నీతోనే వస్తుంటి బిడ్డా" అన్నాడు.

ఆ వేసవంతా మధ్యాహ్నం గంటసేపు మేం నీడన నడుం వాల్చాం. దేవన్న ఒక్కనాడూ నీడకు రాలేదు, ఎండలోనే కడ్డీలు వంచుతూ ఉండిపోయాడు. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. నిద్ర మాత్రం పట్టేది.