డ్రైవరు సీటు కింద రేకు

జీపు మధ్యలో గూనిలా లేచి ఉండే గేరుబాక్సు గుబ్బ మీద కత్తెర గాటు లేకుండా, అతుకు లేకుండా, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ముక్కగా కార్పెట్ పరిచిన రోజున ఆమెకి పంతొమ్మిదేళ్ళు. అంతకుముందు మూడు కార్పెట్లు పాడుచేసింది. మూడింటికీ పని నేర్పిన మేనమామ చేత చీవాట్లు తింది. నాలుగోదాన్ని వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో కాచి, మెత్తబడ్డాక మోకాళ్ళతో అదిమిపట్టి పూటంతా కదలకుండా కూర్చుంది. మోకాళ్ళు బొబ్బలెక్కాయి గాని, కార్పెట్ ఆ గుబ్బకి చర్మంలా అతుక్కుపోయింది. జీపు ఆసామి తడిమి తడిమి చూసి, "అతుకు ఎక్కడ దాచావమ్మా?" అని అడిగాడు. ఆవేళ నుంచి ఆమె పేరు 'ఒక్కముక్క' అయిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల్లో మిగిలింది.

ఇది జరిగి ఇరవై రెండేళ్ళు. ఈలోగా ఆమె చేతుల మీదుగా నాలుగు వందల పదహారు బళ్ళు వెళ్ళాయి. అందులో రెండు అంబులెన్సులు, ఒక అగ్నిమాపక బండి. పిల్లలు వాంతులు చేసుకుని చేసుకుని వాసన పట్టేసిన బడి బస్సులు పదకొండు. వాహన యజమానుల సంఘం వాళ్ళు సభ పెట్టి మరీ గోడగడియారం బహూకరించారు. ఆ సభలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మైకు ముందు నిలబడి, "పైన కార్పెట్ ఎవరైనా వేస్తారండీ. కింద రేకుని బతికించడమే పని" అని రెండు ముక్కలు చెప్పి దిగిపోయింది. అంత పెద్ద సభలో అంత తక్కువ మాట్లాడి అన్ని చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. పాత బండి వస్తే సీట్లన్నీ ఊడదీయడం, కుళ్ళిన కార్పెట్టూ దాని కింద నీళ్ళు తాగిన నారపట్టా లాగి పారేయడం, తీగబ్రష్షుతో తుప్పు గీకడం, ఎర్రరంగు ప్రైమరు కొట్టి రెండు రోజులు ఆరనివ్వడం ఆమె పద్ధతి. ప్రైమరు ముట్టుకునే ముందు ఇంకో పని ఉంది. స్క్రూడ్రైవరు పట్టుకుని జానెడుకో పోటు చొప్పున రేకంతా పొడిచి చూడాలి. గట్టి రేకు టంగుమంటుంది. లోపల తినేసిన రేకు నోరెత్తదు. మేనమామ మొదటి రోజున నేర్పిన పాఠం అది. ఆమె పని ముగించాక ఆయన కూడా వచ్చి, తన స్క్రూడ్రైవరుతో ఇంకోసారి పొడిచి చూసి గాని కార్పెట్ పరవనిచ్చేవాడు కాదు. ఇరవై రెండేళ్ళూ అంతే.

మొన్న ఆయన సొంత వ్యానే పనికొచ్చింది. దానికి ఇరవయ్యారేళ్ళు. మడమ ఆనే చోట కార్పెట్ చిరిగి, ఎండలో నిలబెడితే లోపల తడిగుడ్డల వాసన. అత్తయ్యని తీసుకుని కొండలు దాటి ఆవిడ చెల్లెలింటికి వెళ్ళాలని మామయ్య ముహూర్తం పెట్టేసుకున్నాడు.

పనంతా సవ్యంగా సాగింది, ఒక్క బోల్టు దగ్గర తప్ప. డ్రైవరు సీటుకి నాలుగు బోల్టులు. మూడు వచ్చాయి. వెనక ఎడమపక్కది తుప్పుతో బిగుసుకుపోయి కదలనంది. కిరసనాయిలు పోసింది, సుత్తితో తట్టింది, బతిమాలింది, బూతులు తిట్టింది. బలవంతం చేస్తే విరిగేలా ఉంది. తెల్లారితే ప్రయాణం. సరేలెమ్మని ఆ సీటు కాలి చుట్టూ పాత కార్పెట్ కోసి తీసి, కొత్తదాని అంచులు లోపలికి దోపేసింది. ఆ నాలుగు జానల మేర పొడిచి చూడలేదు.

మామయ్య టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి వంగి కూడా చూడలేదు.

"నీ పని ఇక నేను చూడక్కర్లేదే" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఆ మాటకి ఆమె ఎంత ఉబ్బిపోయిందంటే, బోల్టు సంగతి నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం షెడ్డు ఊడుస్తూ పాత కార్పెట్ ముక్కల్ని తిరగేసింది. సీటు కాలి పక్క నుంచి కోసిన ముక్క వెనకాల ఏదో అంటుకుని ఉంది. గోటితో లేపింది. రూపాయి బిళ్ళంత రేకు పెచ్చు. ఒకవైపు ఎర్రటి పొడి, ఇంకోవైపు బండి అడుగున కొట్టిన నల్ల తారు. పైతోలు కాదు, రేకు రేకంతా ఊడి కార్పెట్‌తో వచ్చేసింది.

ఆ కాలి మీదే సీటు. ఆ సీటులో క్వింటాలు బరువున్న మామయ్య. ముందున్నదంతా కొండదారి, మలుపు మలుపుకీ బ్రేకు.

మామయ్యకి ఫోను చేసింది. బండి నడిపేటప్పుడు ఫోను కట్టేసే మనిషి ఆయన. అత్తయ్యకి చేసింది. వేరే ఫోనులో ఉంది. మళ్ళీ చేసింది. ఇంకా అందులోనే ఉంది. చీపురు పట్టుకునే షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగింది. పక్కనే బట్టలు కుట్టే మిషను దగ్గర కూర్చున్న మొగుడు తలెత్తాడు.

"ఏమైంది? మొహం అలా పాలిపోయిందేం?"

"మీ కళ్ళజోడు పెట్టుకుని ఇది చూడండి."

ఆయన చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక చలోక్తి విసిరే మనిషి, ఈసారి మిషను ఆపి లేచి నిలబడ్డాడు. దాంతో ఆమెకి ఇంకా భయం పట్టుకుంది.

పదకొండోసారికి అత్తయ్య పలికింది.

"ఏమిటే, మేం దిగిపోయాం అనుకున్నావా? ఇంకా కొండలే ఎక్కలేదు. మీ మామయ్య ఎద్దుబండిలా..."

"అత్తయ్యా, బండి ఆపించు. ఇప్పుడే. పక్కకి తీసి ఆపమను."

"ఎందుకే? చెల్లెలు అన్నం వండి పెట్టింది..."

"ఆపమను అత్తయ్యా!"

అవతల ఇంజను చప్పుడు తగ్గింది. మామయ్య గొంతు వచ్చింది.

"ఏమ్మా?"

"మామయ్యా, నీ సీటు ఊగుతోందా?"

"కొంచెం. నేనే లావెక్కానేమో అనుకున్నా."

"నేను సీటు తీయలేదు మామయ్యా. ఒక బోల్టు రాలేదు. ఆ కింద పొడవలేదు. నువ్వు చూడక్కర్లేదు అన్నావు కదా, చెప్పలేకపోయాను."

మామయ్య కోప్పడలేదు. కోపగించుకుని ఉంటే ఆమెకి తేలికగా ఉండేది.

"ఇక్కడేదో వెల్డింగు షెడ్డు కనిపిస్తోంది. తోయించుకుని వెళ్తాం. నువ్వు బయల్దేరు" అన్నాడు.

సంచిలో స్క్రూడ్రైవరు, తీగబ్రష్షు, ప్రైమరు డబ్బా, రెండు జతల బట్టలు పెట్టుకుంది. "అన్నీ మోసుకుపోతున్నావు, నన్నొక్కడినీ వదిలేశావేం" అన్నాడు మొగుడు, ఆమెని నవ్వించాలని. ఆమె నవ్వలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ పెచ్చు గుప్పిట్లోనే ఉంది. ఎదురుగా వచ్చే ప్రతి వ్యానుకీ తల బయటపెట్టి చూసింది, వాళ్ళు వెనక్కి రావడంలేదని తెలిసినా.

వెల్డింగు మేస్త్రి మంట పెట్టి బోల్టు వదిలించాడు. సీటు పైకి లేచింది. ఆమె తను పరిచిన కొత్త కార్పెట్‌ని తనే మడిచి, స్క్రూడ్రైవరు ఆనించింది. పొడవక్కర్లేకుండానే పిడిదాకా దిగిపోయింది. లాగి చూస్తే కన్నంలోంచి కింద నేల కనబడింది. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దీని మీద కూర్చునేనా నువ్వు పాటలు పాడావు?" అని మామయ్యని అడిగింది.

మామయ్య ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పొడు" అన్నాడు. "దాని పక్కన. ఇంకో జానెడు. ఇంకోటి."

పంతొమ్మిదేళ్ళ పిల్లలా ఆమె పొడుస్తూ పోయింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. సీటు చుట్టూ పలకలేదు. తలుపు వైపు పలికింది. టంగుమన్న చోటల్లా ఆయన సుద్దతో గీత గీశాడు. పలకనంత మేరా కోసేయాలని తేల్చాడు.

"తప్పు నాది కూడా" అన్నాడు సుద్ద దులుపుకుంటూ. "వంగి చూడ్డానికి నడుం నొప్పి. అది చెప్పుకోలేక, చూడక్కర్లేదన్నాను."

ఆమె బ్రష్షు అందుకుంది.

మర్నాడు కుళ్ళిన మేరంతా కోసి, మందపాటి ప్లేటు వెల్డింగు చేయించారు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ప్రైమరు కొడితే జిడ్డుజిడ్డుగా ఉండిపోతోంది. ఆరకుండా కార్పెట్ వేస్తే తడిని లోపల పెట్టి కుట్టేసినట్టే. అత్తయ్య చెల్లెలు రోజుకి రెండుసార్లు ఫోను చేసి ఎప్పుడొస్తారని అడుగుతోంది. "నాలుగు రోజులు పట్టనీ, పది రోజులు పట్టనీ, ఇది ఆరాక గాని ఈ బండి కదలదు" అంది ఆమె. కదిలాక కూడా, కొండలు దిగేవరకూ తను మామయ్య వెనక సీట్లోనే కూర్చుంటుందట. ఆ కాలి మీద కన్నేసి ఉంచాలట. అందుకు మామయ్య కూడా ఎదురు చెప్పలేదు.

ఇక్కడ షెడ్డు ముందు మూడు బళ్ళు ఆగి ఉన్నాయి. ఇంకెవరి చేతా చేయించుకోమని ఆ ఆసాములు ఖరాఖండీగా చెప్పేశారు. రోజూ వచ్చి అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేక, మొగుడు తలుపు మీద సుద్దముక్కతో రాసిపెట్టాడు: మేస్త్రి ఊళ్ళో లేదు. ఇరవయ్యారో తారీఖు, శుక్రవారం పొద్దుటి బస్సుకి వస్తుంది.