విత్తనానికి వదిలిన గోంగూర

పొద్దున బడి కొత్త బ్రోచర్ వాట్సాప్‌లో వచ్చింది. ప్లాస్టిక్ గడ్డి మీద పిల్లలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, కింద 'మా ప్రకృతి ప్రాంగణం' అని రాశారు. ఒళ్ళు మండిపోయింది. కాఫీ చల్లారేదాకా ఆ ఫొటోను తిట్టుకుంటూ కూర్చున్నాను.

మూడేళ్ళ కిందట గల్ఫ్‌లో, అబూ హమూర్‌లోని ఆ బడిలో నేను సైన్సు టీచర్ని. ఏసీ యంత్రాల వెనక విరిగిన బల్లలు పారేసే జాగాను నా ఐదో తరగతి పిల్లలు తోట చేశారంటే, అది బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంప్ నుంచి బస్సులో వచ్చే జగిత్యాల తోటమాలి పుణ్యమే. నేను బోర్డు మీద విత్తనం బొమ్మ గీసి మార్కులు వేసుకుంటుంటే, ఆయన పిల్లల చేత ఇసుకలో పేడ ఎరువు పిసికించాడు. నన్నూ వదల్లేదు, గోళ్ళలో వాసన రెండు రోజులు పోలేదు. అక్టోబరులో గోంగూర వేశాం. టీచర్లమంతా పచ్చడికని ఆకు దూసుకుపోయాం. ఆయన మాత్రం ఏపుగా పెరిగిన పది మొక్కలకు పాత యూనిఫాం పీలికలు కట్టి ఎవర్నీ ముట్టనివ్వలేదు. అవి పూసి, కాసి, ఎండుతుంటే చచ్చిపోయాయని ఒక పాప ఏడ్చింది. "సావలే బిడ్డా, ఇత్తనానికి ఇడిసిపెట్టిన. ఇంక పది రోజులాగు, నీ చేతులనే రాలుతయి," అన్నాడు. ఆ విత్తనాలను కింది తరగతికి తామే ఇవ్వాలని పిల్లలు కాగితం పొట్లాలు చేసి, పేర్లు రాసి పెట్టుకున్నారు.

ఆ వారమే తనిఖీ వచ్చి పడింది. గోంగూర మాంసం అంటే ప్రాణం పెట్టే మా ఆఫీసు మేనేజరు, ఎండు మొక్కలు అసహ్యంగా ఉన్నాయని పీకించి ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. మీదపడి అరుద్దామని వెళితే ఒక కాగితం నా ముందు పెట్టాడు. 'ఎండిన మొక్కల తొలగింపు', కింద నా సంతకం. పరీక్ష హాల్లో ఉండగా తెస్తే చదవకుండా పెట్టేశాను. "మీరే కదా మేడమ్ ఒప్పుకున్నారు?" అన్నాడు. అయినా అరిచాను. బయటికొస్తే, తలుపు దగ్గరే అంతా విన్న తోటమాలి ఉన్నాడు. అప్పటికే చెత్త బండి వెళ్ళిపోయింది. "నన్నొక్క మాట అడిగితె అయిపోవు గద మేడమ్," అన్నాడు, అంతే. నన్ను తిట్టినా బాగుండేది. తోట లేదు కనుక కంపెనీ ఆయన్ను వేరే సైటుకు పంపేసింది.

పిల్లల ఖాళీ పొట్లాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. మేనేజరు మీద కోపం అలాగే ఉంది, నా మీద అంతకు రెండింతలుంది. ఆ కాయలు ఎండడానికి ఐదు నెలలు పట్టింది, నా సంతకానికి అర నిమిషం కూడా పట్టలేదు. మూడేళ్ళయినా ఆ అర నిమిషమే నాకు గడవడం లేదు.