ఎండనియ్యని గోడ

మా మేనత్త చనిపోయింది. పోయిన సోమవారం పొద్దున్నే పోయింది. తొంభై దాటిన మనిషి కదా, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "నిండు బతుకు బతికింది, బాధపడకండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నిండిందో లేదో వీళ్లకేం తెలుసు? నిండకుండా మిగిలిపోయింది ఒకటి మా పొలంలోనే ఉంది. మా తమ్ముడు కట్టిస్తున్న ఈతకొలను. అందులో నీళ్లు నిలిస్తే చూసి పోతానని ఆమె నెలల తరబడి ఎదురుచూసింది. చూడకుండానే పోయింది.

ఈతకొలను నాది కాదని ముందే చెప్తున్నాను. నాకంత సోకు లేదు. నర్సింహులపేట దిక్కు మాకున్న పొలంలో తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. ఉండేది హైదరాబాదులో, వచ్చేది శని ఆదివారాలు. ఇంటి వెనక నేలలో ఈతకొలను కావాలన్నాడు. రిటైరై ఊళ్లో ఉంటున్నది నేను కాబట్టి దగ్గరుండి చూసే పని నా నెత్తిన పడింది. ఎన్ని రోజులు పడుతుందని అడిగితే కాంట్రాక్టరు, పట్నం పిల్లవాడు, "మూడు నెలలు సార్, రాసిపెట్టుకోండి" అన్నాడు. తవ్వకం, ఇనుప చువ్వలు కట్టడం, కాంక్రీటు పోయడం, దాన్ని కొన్నాళ్లు తడపడం, తర్వాత ఆరనివ్వడం, నీరు కారకుండా పూత, టైల్సు, మోటారు, చివరికి నీళ్లు. వేళ్లు మడుస్తూ చెప్పాడు. అరుగు మీద కూచుని వింటున్న మేనత్త నవ్వింది.

"మూడు నెల్లా? మా హౌజు నాలుగేండ్లు పట్టింది బిడ్డా. అయినా నీళ్లు నిలవలే."

ఆ పిల్లవాడు నా మొహం చూశాడు. పెద్దావిడ, ఏదో అంటుందిలే అన్నట్టు నేను తల ఊపాను.

మేనత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. అమ్మ పొలం పనులకు పోతే నన్నూ తమ్ముణ్నీ సాకింది ఆమే. ఆకుకు సున్నం రాసుకునేటప్పుడు వేలి కొసను నాలుకకు తాకించి, "గిది పాతది" అనో, "గీనె నీళ్లు ఎక్కువ కలిపిండు" అనో తేల్చేసేది. ఆమె ఎదురుగా సున్నం డబ్బా తీయాలంటే కిరాణా కొట్టతను జంకేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, అది చల్లారినా ఊదుతూనే ఉండేది. బడికి ఆలస్యమవుతోందని మేం గెంతులేస్తుంటే, "తొందర దొరకుంటది బిడ్డా, సున్నానికుండది" అనేది. ఆ మాటకు అర్థమేంటో మేం ఎప్పుడూ అడగలేదు. సున్నం ఎవరిదో, దొర ఎవరో, మాకేం పట్టింది?

పొలంలో తవ్వకం మొదలయ్యాక ఆమే చెప్పడం మొదలుపెట్టింది. ఒక రోజున అంతా చెప్పలేదు. జేసీబీ ఎర్రమట్టి తీస్తుంటే కొంత, కింద బండ తగిలి పని ఆగిపోతే కొంత.

అప్పట్లో మా ఊరి గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, ఉన్న దొర, పట్నంలో ఎవరో నవాబు బంగ్లాలో ఈత కొట్టే హౌజు చూసొచ్చాడట. గడి లోపలి వాకిట్లో తనకూ అలాంటిది కావాలన్నాడు. మేస్త్రీని పిలిపించి ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, ఎండాకాలం నాటికి అయిపోతుందన్నాడట. ఏ ఎండాకాలమో చెప్పలేదు.

అంతా వెట్టి. పొద్దున్నే గడి నౌకరు వచ్చి వాడలో కేకేస్తే ఇంటికొకరు గంపా పారా పట్టుకుని పోవలసిందే. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, మొరం కింద బండ. వరి కోతలొస్తే జనాన్ని దొర పొలాలకు తోలేవారు, గుంత ఆగేది. గడిలో పెళ్లయితే ఆగేది. వానలకు గుంత నిండితే నీళ్లు తోడి, బురద ఎత్తి, మళ్లీ మొదలు. "దొరకు యాదికొస్తె తవ్వినం, యాది మరిస్తె ఆపినం" అనేది మేనత్త. మట్టి మోయడం మొదలుపెట్టినప్పుడు ఆమె నెత్తిన చిన్న గంప. రాతి గోడలు లేచేసరికి పెద్ద గంప. ఆ హౌజుతో పాటే నేనూ పెరిగానని నవ్వేది.

ఆమె తండ్రి, అంటే మా తాత, సున్నం పని చేసే మనిషి. సున్నపురాయి కాల్చి, ఇసుక కలిపి, ఎడ్లు తిప్పే గానుగలో రోజుల తరబడి నూరించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి డంగు సున్నం తయారు చేసేవాడు. గోడకు పూశాక అసలు పని మొదలు. పొద్దుమాపు తడుపుతూనే ఉండాలి. తడి ఆరిందా, పగులుతుంది. తడిపే పని ఆడవాళ్లది. గడి బావి నుంచి కుండలతో నీళ్లు మోసి, గోడ మీది నుంచి చెంబులతో పోయాలి. పోసేవాళ్లలో మేనత్త ఒకతె. అప్పటికింకా పెళ్లి కాలేదు.

నడి ఎండాకాలం. పూత ఇంకా పచ్చిగా ఉంది. చుట్టుపక్కల ఊళ్లు అప్పటికే దొరల మీద తిరగబడి ఉన్నాయి. మా ఊరికీ ఆ తిరుగుబాటు నడిపే సంగం వచ్చింది. కల్లంలో జనాన్ని కూచోబెట్టి, వెట్టి బందు, గడికి ఎవరూ పోవద్దు అన్నారు. మర్నాడు గడి నౌకరు వాడంతా తిరిగి కేకేశాడు. ఒక్క గంప లేవలేదు. ఒక్క కుండ లేవలేదు.

తాత కూడా పోలేదు. చూరు కింద కూచుని గడి వైపే చూస్తున్నాడట. ఎండ ముదిరింది.

"ఎండుతాంది," అన్నాడట.

ఏం ఎండుతోందో మేనత్తకు తెలుసు. "పోయి తడిపి రావాల్నా నాయినా? ఒక్క కుండ పోసొస్త," అంది.

"వద్దు బిడ్డా. ఎండనీ."

అని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడట. చెమట తుడుచుకున్నాడో, ఏడిచాడో తనకు తెలియలేదనేది మేనత్త.

దొర బండ్లు కట్టుకుని పట్నం పోయాడు. గడి తలుపులు తెరిచిన రోజు ఊరంతా గాదెల దగ్గరికి ఉరికితే తండ్రీ బిడ్డా హౌజు దగ్గరికి పోయారు. గోడ నిలువునా పగిలి ఉంది. పగుళ్లలో వేలు పట్టింది. తాత అరచేత్తో గోడను ఒకసారి నిమిరి వచ్చేశాడు. ఆ వానకాలం అందులో నీళ్లు చేరితే పిల్లలు దూకారట. తెల్లారేసరికి ఇంకిపోయాయట.

తర్వాత మిలిట్రీ వచ్చింది. గడిలోనే క్యాంపు పెట్టింది. వాళ్ల వెనకే దొర మనుషులు తిరిగొచ్చి, ఎవరెవరు సంగంలో తిరిగారో చూపించారు. తాతను చూపించి, హౌజు పలగగొట్టింది వీడే అన్నారు. వాకిట్లో పడేసి కొట్టారు. ఆ దెబ్బలకు కుడి భుజం పోయింది. క్యాంపుకు గుంత అడ్డమని ఊరి వాళ్లందరినీ తోలుకొచ్చి పూడ్పించారు. తాము మోసి కుప్పపోసిన మట్టినే మళ్లీ మోసి అందులో పోశారు. తాత ఒంటిచేత్తో మోశాడు. మళ్లీ తాపీ పట్టలేదు.

"పూడ్చడానికి ఎన్ని రోజులు పట్టింది అత్తమ్మా?" అని అడిగాను.

"గదెంత సేపు బిడ్డా? తవ్వుడే ఏండ్లు పట్టింది. పూడ్చుడు జప్పన అయిపోయింది."

ఇక మా కొలను సంగతి. మూడు నెలలని చెప్పినవాడు మూడో నెలలో బండ పగలగొట్టిస్తున్నాడు. వానలొచ్చి గుంత నిండింది. చువ్వలు కట్టేవాళ్లు పండక్కని పోయి తిరిగి రాలేదు. కాంక్రీటు లారీ బురదలో దిగబడింది. తమ్ముడు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, ఎందాక వచ్చింది?" అనేవాడు. ఏం చెప్పను? నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. కొత్తింట్లో బిడ్డ పుట్టినరోజు చేస్తానని అందరికీ చెప్పుకున్నాడట, ఆ తేదీ కూడా దాటిపోయింది. ఎవరి సోకుకో ఎవరు తిరుగుతున్నారని విసుక్కునేవాణ్ని. విసుక్కోవడానికి కూడా ఓపిక లేని రోజులుండేవి.

ఎట్టకేలకు గోడలు లేచాయి. తడపడం మొదలైంది. పైపు పెట్టి పనివాళ్లు తడుపుతుంటే మేనత్త రాగి చెంబు పట్టుకుని బయల్దేరింది. తూర్పు గోడ పక్కన తొట్టిలో ముంచి, గట్టు మీద నిలబడి, వంగి గోడ మీద పోసేది. నాలుగడుగులు జరిగేది, మళ్లీ పోసేది. పడతావు అత్తమ్మా అని అరిచాను. వినదు.

"అప్పుడు పొయ్యమంటె పొయ్యలే," అంది. "ఇప్పుడు ఎవ్వలు పొయ్యమనలే. పోస్తాన."

"అప్పుడు పొయ్యకపోవడం తప్పంటవా?"

"తప్పెందుకైతది? మంచిగ చేసినం. మల్ల గట్లయితె మల్ల గట్లనే చేస్తం. కని మా నాయిన చేతి పనిని ఆయిన కండ్ల ముంగటనే ఎండవెట్టినం గద. గది నన్ను ఇడ్వలే. ఒక్క గోడనన్న మంచిగ తడిపి, అండ్ల నీళ్లు నిలిస్తె చూసి పోత."

ఆమెకు కావలసింది అంతే. ఈత కాదు, టైల్సు కాదు.

తడపవలసిన రోజులు అయిపోయాయి. ఆమె ఆపలేదు. గోడ పూర్తిగా ఆరితేనే పూత వేసేది అని కాంట్రాక్టరు మొత్తుకున్నాడు. "అవ్వా, ఇది సున్నం కాదు, సిమెంటు. ఇగ చాలు." ఆమె సరేననేది. "ఆరనిస్త బిడ్డా, ఇయ్యాల ఒక్కపారి పోస్త" అనేది. మర్నాడూ అదే మాట. మూడు వైపులా గోడలు తెల్లగా ఆరిపోయాయి, తూర్పు గోడ ముందు సగం మాత్రం నల్లగా తడిగానే ఉంది. అంత వరకే ఆమె నడవగలిగేది. కాంట్రాక్టరు నాకు చెప్పేవాడు, నేను ఆమెకు చెప్పేవాణ్ని, తమ్ముడు ఫోన్లో నా మీద ఎగిరేవాడు. "ముసలావిడ నీళ్లు పోస్తాందని పని ఆపుతరా అన్నా, మతి ఉండే మాట్లాడుతున్నవా?" అన్నాడు. చెంబు లాక్కోమంటావా, నువ్వే వచ్చి లాక్కో అన్నాను. వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడ్డాడు. చెంబు లాక్కోకుండానే తిరిగి పోయాడు.

సోమవారం పొద్దున కూడా పోసింది. వచ్చి అరుగు మీద కూచుని చాయ్ అడిగింది. నేను సాసరూ కప్పూ పట్టుకుని వచ్చేసరికి ఇంటి గోడకు ఆనుకుని ఉంది. కండ్లు తెరిచే ఉన్నాయి. కాళ్లు తడిగా ఉన్నాయి.

సాయంత్రం దహనం చేసి అందరం పొలానికి వచ్చాం. చావుకు పోయొచ్చినవాళ్లు నెత్తిన నీళ్లు పోసుకోకుండా గడప దాటకూడదు. పాత బావి ఎండిపోయి ఏళ్లయింది. బోరు పైపు తూర్పు గట్టు దాకా వేసి ఉంది. ఇంటి బయట ఇంకెక్కడా నీళ్లు లేవు. చుట్టాలు అలసిపోయి గట్టు మీద నిలబడ్డారు.

"ఇక్కడొద్దన్నా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "కొత్తదాంట్ల మొదటి తానం చావు తానమా? పదిమంది ఏమనుకుంటరు?"

"మరి ఎక్కడికి పోదామంటవు?"

తమ్ముడు గోడ వైపు చూశాడు. పొద్దున ఆమె పోసిన తడి చాలా వరకు ఆరిపోయింది. అరచేయంత చోట మాత్రం ఇంకా నల్లగా ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఎండుతాంది," అన్నాడు.

చెప్పులు విడిచి, అంగీ విప్పి గట్టున కూచున్నాడు. "పొయ్యన్నా" అని తల వంచాడు. తొట్టిలో తేలుతున్న ఆమె చెంబుతోనే పోశాను. చెంబెడు నీళ్లు పోయగానే వాడు చిన్నపిల్లాడిలా ఏడిచాడు. నేనూ ఏడిచాను. తర్వాత చుట్టాలొచ్చారు, ఆడవాళ్లొచ్చారు, వాడకట్టు వాళ్లొచ్చారు. అందరూ తూర్పు గట్టు పొడుగునా వరసగా కూచున్నారు. ఒకరి నెత్తిన ఒకరు పోశారు. నీళ్లు తలల మీది నుంచి వీపుల మీదికీ, గట్టు మీది నుంచి గోడ మీదికీ కారాయి.

కబురు తెలిసి వచ్చిన కాంట్రాక్టరు దూరంగా నిలబడి ఉన్నాడు. అలవాటు కొద్దీ దగ్గరికొచ్చి, వంగి గోడను అరచేత్తో తాకాడు.

"ఇంక ఎన్ని రోజులైతది?" అన్నాడు తమ్ముడు, తల తుడుచుకోకుండానే.

"మళ్లీ మొదటికొచ్చింది సార్. ఆరేదాకా ఆగాల్సిందే."

"ఆగుదాం," అన్నాడు తమ్ముడు.

నేను లేచి చూశాను. తూర్పు గోడ మొత్తం, ఆమె ఎన్నడూ నడవలేకపోయిన చివరి మూల దాకా, నల్లగా తడిసి ఉంది. ఇంకా నీళ్లు కారుతూనే ఉన్నాయి.