రోజుకో అబద్ధం

పాలపుంత పేరు వింటే మిగతావాళ్లకు ఏం గుర్తొస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం వేడెక్కిన రబ్బరు గుడ్డ వాసన, అందులో కలిసిన పాదాల వాసన గుర్తొస్తాయి. మొన్న జనగామలో మా అమ్మాయి బడికి విజ్ఞాన ప్రదర్శన వచ్చింది. మైదానంలో నల్లటి గుడ్డ గుమ్మటాన్ని ఫ్యాను గాలితో ఉబ్బించి, చెప్పులు, బూట్లు బయట విడిచి లోపలికి పాక్కుంటూ రమ్మన్నారు. తల్లిదండ్రులకూ అనుమతి ఉందని తెలిసి నేనూ నడుము పట్టుకుని పాకాను. తలమీద నక్షత్రాలు వెలిగాయి. చుట్టూ ముప్పై జతల సాక్సులు తమ ఉనికిని చాటుకున్నాయి. చీకట్లో ఒక యువకుడు గుక్క తిప్పుకోకుండా విశ్వ రహస్యాలు చెబుతున్నాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నేను మాత్రం ఇతను ఇందులో అబద్ధం ఎక్కడ పెట్టాడా అని వెతుకుతూ కూర్చున్నాను. ఈ జబ్బు నాకు అంటించినవారు దయానందం సార్.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. నేను భౌతికశాస్త్రంలో పీజీ పూర్తిచేసి, ఆ శాస్త్రం ప్రకారమే ఎటూ కదలకుండా మా ఊరు బచ్చన్నపేటలో ఉన్నాను. నగరంలోని ఒక విజ్ఞాన ప్రదర్శనశాల ఊరూరా తిప్పే బస్సులో వివరణకర్త ఉద్యోగం దొరికింది. బస్సులో అద్దాలు, అయస్కాంతాలు, తొక్కితే బల్బు వెలిగే సైకిలు, మడత పెట్టిన గుమ్మటం ఉండేవి. మనుషులం ముగ్గురం: నేను, డ్రైవర్ యాకయ్య అన్న, మా ఇద్దరి మీద అధికారిగా దయానందం సార్. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో మాట చివర కోస్తావాళ్ల 'అండి'. సినిమాల్లో హీరోలకు ఎప్పుడూ ఆ భాష, పక్కన తన్నులు తినేవాళ్లకు మా భాష ఉండటం చూస్తూ పెరిగినవాణ్ణి. కాబట్టి ఆయన నోరు తెరిచిన మరుక్షణం ఆయన గురించి నాకు తెలియవలసిందంతా తెలిసిపోయిందనుకున్నాను.

చేరిన రోజే అడిగాను. "సార్, మీది ఏ ఊరు?"

"పుట్టింది మహబూబాబాద్ అండి, రైల్వే క్వార్టర్స్‌లో. మీరంతా మానుకోట అంటారుగా, అదే." నా మొహం చూసి, "నమ్మకపోతే వెళ్లి కనుక్కోవచ్చు" అన్నారు.

నేను నమ్మలేదు. కనుక్కోనూ లేదు. మనసులో మాత్రం రాసుకున్నాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. ప్రతి ప్రదర్శనలో నిజాల మధ్య ఒక అబద్ధం చెప్పేవారు. ముందే హెచ్చరించేవారు కూడా: "ఇప్పుడు నేను చెప్పబోయే వాటిలో ఒకటి తప్పు. పట్టుకున్నవాళ్లకు భూతద్దం." చేతిలో ఇమిడే ప్లాస్టిక్ భూతద్దం అది. మొదటిసారి మా బచ్చన్నపేట బడిలోనే చూశాను. గ్రహాలు, గ్రహణాలు అన్నీ చెప్పి, అదే గొంతుతో "చంద్రుడు పగటిపూట అస్సలు కనబడడు" అన్నారు. టీచర్లు తలలు ఊపారు. పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు. గోడవతల నుంచి చూస్తున్న మేకల కాపరి ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు కనబడడు సారూ? పున్నమి ఎల్లినంక పొద్దుగాల మేకల తోలుకపోతాంటే పడమటి దిక్కు కనబడనే కనబడె."

"ఖచ్చితంగా చూశావా?"

"నేను చూసిన. నువ్వు ఎప్పుడన్న పొద్దుగాల లేసినవా?"

సార్ గోడ దగ్గరికి నడిచి వెళ్లి భూతద్దాన్ని రెండు చేతులతో ఇచ్చారు. తిరిగి వస్తూ నాతో, "చూశావా రవీ, వీళ్లు పుస్తకం చూశారు. ఆయన ఆకాశం చూశాడు" అన్నారు. నేను తల ఊపాను. మా ఊరికి వచ్చి మా ఊరి మనిషిని మెచ్చుకుంటున్నాడు, ఇందులో ఏదో ఉంది అనుకున్నాను.

అనుమానానికి ఆధారాలు అడిగితే ఆ రోజుల్లో నా దగ్గర సంచి నిండా ఉండేవి. హాస్టల్లో నాతో కలిసి ఊరేగింపులు తీసిన మిత్రులు ఫోన్‌లో "ఆయన మీద జర కన్నేసి ఉంచు" అని చెప్పేవారు. ఉంచాను. అన్నింటికన్నా పెద్ద ఆధారం మహబూబాబాద్‌లో దొరికింది. బస్సు ఆ ఊరు వెళ్లిన ప్రతిసారీ మధ్యాహ్నం పూట సార్ ఒక్కరే ఎక్కడికో వెళ్లి గంట తర్వాత వచ్చేవారు. ఒకరోజు వెనకాలే వెళ్లాను. రైల్వే గేటు దాటి, గడ్డి మొలిచిన పాత క్వార్టర్ల ముందు కాసేపు నిలబడ్డారు. తర్వాత పక్కనే సీతాఫలాలు అమ్ముతున్న ఒక లంబాడీ అవ్వ దగ్గర కూర్చుని, ఆమె భాషలో గలగలా మాట్లాడారు. ఆమె ఆయన భుజం మీద కొట్టి నవ్వింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకెవరైనా అయితే మనిషి చెప్పింది నిజమేనేమో అనుకునేవారు. నేను, ఈయనకు రహస్య భాష కూడా వచ్చా అనుకుని, ఆ సాయంత్రమే మిత్రులకు ఫోన్ చేశాను.

అలా తొమ్మిది నెలలు గడిచాయి. ఊళ్లో జనం బండ్ల నంబరు ప్లేట్ల మీద 'ఏపీ' చెరిపి 'టీజీ' రాసుకుంటున్నారు. మాది ప్రభుత్వ బండి, చెరపడానికి వీల్లేదు. యాకయ్య అన్న దానికొక మార్గం కనిపెట్టాడు. వానలు లేని రోజుల్లో కూడా మా ప్లేటు మీద బురద ఉండేది.

ఆ బురద ఘనపూర్ దగ్గర రాలిపోయి 'ఏపీ' బయటపడింది. భూపాలపల్లి వైపు వెళుతున్నాం. ఉద్యమంలో భాగంగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి ఊరంతా వంటావార్పు చేస్తోంది. రెండు వందల మంది దాకా ఉంటారు. బస్సును చుట్టుముట్టారు. అంతకు రెండు రోజుల ముందే ఆ దారిలో ఒక బండి అద్దాలు పగిలాయని విన్నాం. మా బండిలో ఉన్నవి సగం అద్దాలే. ముందు నిలబడ్డ యువకుడి పేరు తిరుపతి అని తర్వాత తెలిసింది. ఆ ఊరి పెద్ద రైతు కొడుకు, మెడలో గులాబీ కండువా. కిటికీలోంచి సార్‌ను చూసి ఒక్కటే అడిగాడు.

"సారు ఏ ఊరు?"

సార్ నోరు తెరిచారు. ఆయన 'నేనండి' అన్నారంటే మా పని అయిపోయిందని నాకు అర్థమైంది. నేను ముందుకు దూకాను.

"మా మేనమామ అన్నా. బచ్చన్నపేట మాది. చిన్నప్పుడే పట్నం పోయిండు, మాట జర మారింది."

తిరుపతి నా మొహం చూశాడు. నా మాట విన్నాడు. అంతే, మొహం విచ్చుకుంది. "మనోళ్లే, జరుగుండ్రి. దిగు మామా, అన్నం తినిపోదురు."

దిగాం. విస్తళ్లలో వేడి అన్నం, పప్పుచారు. వడ్డిస్తున్న కొమురమ్మ అనే ఆమె సార్ ముందు ఒక్క క్షణం ఎక్కువ నిలబడింది. సార్ అన్నం కలుపుతూనే ఉన్నారు, తినడం లేదు. నేను మర్యాద కొద్దీ, "సార్, ఇంకింత చారు పోయించుకోండ్రి" అన్నాను. తిన్నాక వాళ్లే అడిగారు, ఏదైనా చూపెట్టమని. రోడ్డు మీదే అద్దాలు, అయస్కాంతాలు పరిచాం. సార్ గంటసేపు చెప్పారు. అబద్ధం ఎక్కడ వస్తుందా అని నేను చెవులు రిక్కించి ఉన్నాను. ఎంతకీ రాలేదు.

బస్సు కదిలాక అడిగాను. "సార్, ఇయ్యాల అబద్ధం ఏది?"

"నువ్వు చెప్పేశావుగా. రోజుకు ఒకటే."

యాకయ్య అన్న నవ్వాడు. సార్ నవ్వలేదు.

"రెండు వందల మంది రవీ. ఒక్కరూ పట్టుకోలేదు."

"నమ్మిండ్రు గద సార్, బతికినం."

"బతికాం. కాదనను. కానీ ఎందుకు నమ్మారు? నీ మాట వాళ్ల మాటలా ఉందని నమ్మారు. నేను నిజం చెబుదామని నోరు తెరిచాను. అది నమ్మేవాళ్లు కాదు."

"నిజం ఏంది సార్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "మొదటి రోజే చెప్పాను" అన్నారు. "కనుక్కోవచ్చని కూడా చెప్పాను. వాళ్లకు నేను పది నిమిషాలే తెలుసు. నువ్వు తొమ్మిది నెలలు పక్కన కూర్చున్నావు."

జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. అంత తక్కువ మాటల్లో ఎవరూ తిట్టలేదు. మరుసటి వారం మానుకోట వెళ్లినప్పుడు రైల్వే గేటు దాటి ఆ సీతాఫలాల అవ్వ ముందు కూర్చున్నాను. ఆమె పేరు ద్వాలి. సార్ సంగతి అడిగితే నన్ను కిందా మీదా చూసింది.

"పోయినసారి గా గోడ చాటుకు నిలబడ్డది నువ్వే గద?"

ఒప్పుకున్నాను. అప్పుడు చెప్పింది. సార్ వాళ్ల నాయన కోస్తా నుంచి రైల్వే కొలువుకు వచ్చాడట. ఈమె వాళ్లింట్లో పాలు పోసేదట. "గా క్వార్టర్లనే పుట్టిండు. రోజంత మా తండాలనే ఆడేది, మా భాషనే మాట్లాడేది. పదేండ్లప్పుడు వాళ్ల తాత ఊరికి సదువుకు తోలిండ్రు. మాట గాడ మారింది, మనిషి మారలే." తర్వాత ఒక పండు నా చేతిలో పెట్టి, "గింత దానికి గోడ చాటుకు నిలబడాల్నా కొడుకా, అప్పుడే వచ్చి అడిగితే చెప్పకపోదునా" అంది.

సార్ దగ్గరికి వెళ్లి, కనుక్కున్నానని చెప్పాను. ఆయన "మంచిది" అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన తర్వాతి నెల కార్యక్రమంలో ఘనపూర్ పేరు రాశారు. వద్దన్నాను. యాకయ్య అన్న నంబరు ప్లేటుకు కొత్తగా బురద పూశాడు. సార్ దిగి తడిగుడ్డతో తుడిచేశారు.

ఈసారి బడి ఆవరణలో ప్రదర్శన. తిరుపతి కూడా వచ్చాడు. "మామ వచ్చిండు" అని కుర్చీ వేయించాడు. సార్ కూర్చోలేదు. భూతద్దం చేతిలో పట్టుకుని అన్నారు: "పోయినసారి మీ ఊళ్లో, మీ అన్నం ముందు ఒక అబద్ధం చెప్పాం. ఎవరైనా పట్టుకున్నారా అండి?"

'అండి' వినగానే నేను బస్సు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. తిరుపతి మొహం ముడుచుకుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండేది కూడా కొమురమ్మేనట. చేయి కొంగుకు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోంచి వచ్చింది.

"గీ పిలగాడు నీ అల్లుడు కాదు. అవునా?"

"ఎలా తెలుసమ్మా?"

"మేనమామను ఎవలన్న సారంటరా? మామ అని చెప్పిండు, చారు పోసేటప్పుడు సారన్నడు. గప్పుడే ఎరుకైంది నాకు."

తిరుపతి ఆమె వైపు తిరిగాడు. "ఎరుకైతే గప్పుడెందుకు చెప్పలే అక్కా?"

"విస్తరి ముందట కూసున్నోళ్లను ఏమడుగుత? తిననియ్యి, తిన్నంక అడుగుదమనుకున్న. ఇంతల గా అద్దాల ఆట పెట్టిరి. చూసుకుంట మర్సిపోయిన."

సార్ మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "నాదే తప్పు రవీ. ఒకరు పట్టుకున్నారు, నేనే కనిపెట్టలేకపోయాను" అన్నారు. తిరుపతికి మాత్రం ఇంకా తేలలేదు.

"మరి అసలు నీది ఏ ఊరు సారూ?"

"మానుకోట" అని నేను అందుకున్నాను. "నేను పోయి కనుక్కున్న అన్నా, నిజం."

"నువ్వు జర ఆగు తమ్మీ. నీ మాట ఇంక ఎవలు నమ్ముతరు?"

అందరూ నవ్వారు. సార్ కూడా. తిరుపతి నవ్వు ఆపి, "మానుకోటల మాకు చుట్టాలున్నరు. అడుగుత. గప్పటిదాంక నమ్మ, కొట్ట. ఆట చూపెట్టు" అన్నాడు. సార్ చేతులు జోడించి, "నాక్కావలసింది అదేనండి" అన్నారు. కొమురమ్మ భూతద్దం తీసుకుని, ఒక కన్ను మూసి, దాన్ని నా మొహానికి దగ్గరగా పెట్టి చూసింది. "అబద్ధమాడేటోళ్ల మొకం గిండ్ల ఏం తేడా కనబడ్తలేదు" అని కొంగుకు ముడేసుకుంది.

తిరుపతి నిజంగానే అడిగాడు. నెల తర్వాత నాకు ఫోన్ చేసి, "సారు చెప్పింది కరెక్టే. నువ్వు చెప్పినయే ఇంక తేలాలె. నువ్వన్న బచ్చన్నపేటోనివేనా?" అన్నాడు. మిత్రులకు నేను మళ్లీ ఫోన్ చేసి, సార్ గురించి అంతకుముందు చెప్పినవన్నీ తప్పని చెప్పాను. వాళ్లలో ఇద్దరు, సార్ నన్ను తనవైపు తిప్పుకున్నాడని అనుమానించారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

రాష్ట్రం వచ్చింది. సార్ పదవీ విరమణ చేసి, చివరి రెండేళ్లు మానుకోటలో రైల్వే గేటుకు దగ్గరగా అద్దె ఇంట్లో ఉండి, అక్కడే కన్నుమూశారు. నేను వెళ్లేసరికి ద్వాలి అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

మొన్న గుమ్మటంలో ఆ యువకుడు ముప్పావుగంట మాట్లాడాడు. అంతా మా యాసలోనే. "గిది చూడుండ్రి, గిదే పాలపుంత" అన్నాడు. ఒకప్పుడు తన్నులు తినేవాళ్ల భాషలో ఆకాశం వినబడుతుంటే సాక్సుల వాసన కూడా మరిచిపోయాను. మా అమ్మాయి చెవిలో అడిగింది, "నాన్నా, ఇవన్నీ నిజమేనా?" అని. కనుక్కుందాం అన్నాను. మా మాటలో చెప్పిన మాట వినగానే నాకు ముందు నమ్మకం కలుగుతుంది, ఆ వెంటనే అనుమానం కలుగుతుంది. నమ్మకం నేను పుట్టిన ఊరు ఇచ్చింది. అనుమానం సార్ ఇచ్చింది.