మా అక్క పెట్టిన షరతు

మా అక్కకు ఒక అలవాటు ఉండేది. మనవరాలి నెత్తి మీద అరచెయ్యి పెట్టి, పిల్లకేసి కాక దాని తల్లికేసి చూసేది. "ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా ఇంతేనా? ఎవరి పోలికో!" అనేది. ఆ తల్లి నా కూతురు. మేనరికం కావాలని పట్టుబట్టి తన కొడుక్కి చేసుకున్నది అక్కే.

చివరికి పిల్లను రాజమండ్రిలో డాక్టరుకు చూపించాం. పిట్యూటరీ గ్రంథి పెరుగుదల హార్మోనును తయారు చేయడం లేదని, ఎముకలు ముదిరిపోకముందే ఇంజక్షన్లు మొదలుపెట్టాలని ఆయన చెప్పారు.

"ఇది జన్యులోపమండి. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వస్తేనే ఇలా అవుతుంది."

"మావాడికి లోపమేంటండీ? తల్లి వైపుదేనని కాగితం మీద రాసివ్వండి. అప్పుడే సూదులకి ఒప్పుకుంటాను," అంది అక్క.

"తల్లి వైపంటే నీ పుట్టిల్లేగా అక్కా!" అన్నాను.

"నువ్వూరుకోరా!"

అల్లుడు నేలకేసి చూస్తున్నాడు. డాక్టరు కలం కింద పెట్టేశారు. నా కూతురు మాత్రం, "నాదేనని రాసేయండి డాక్టరుగారూ. సూదులు ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగింది.

అక్క తృప్తిగా తలూపింది.

ఆ రోజు నుంచి నా డైరీలో 'అక్క' అన్న మాట లేదు. 'ఆవిడ' అనే రాశాను, ఆవిడ పోయిన రోజున కూడా.